అడగడం కూడా వైద్యమే



తల్లీబిడ్డల ఆరోగ్యానికి నిధులు పెంచమని వైద్యులు ప్రభుత్వాన్ని కోరినప్పుడు, "రోగులను చూసుకోక డాక్టర్లకు బడ్జెట్ సంగతి ఎందుకు?" అనేవారు మనలో ఉన్నారు. దీనికి జవాబు గుంటూరు చరిత్రలో ఉన్నది.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన లూథరన్ స్త్రీల సమాజము వైద్యసేవ చేపట్టడానికి అప్పటికి సిద్ధముగా లేదు. బోధన పని అప్పగించింది. ఆమె ఆ పని చేస్తూనే రోగులైన స్త్రీలను చూశారు. 1885లో వైద్య మిషనరీగా నియామకము దొరికింది. ఆసుపత్రి తెరవడానికి 1898 వరకు పట్టింది. వచ్చిన నాటినుండి పదిహేనేండ్లు!

కాన్పు తర్వాత రక్తస్రావమైతే తల్లి రెండు మూడు గంటలలోనే చనిపోవచ్చు. దానిని ఆపే ఆక్సిటోసిన్ ఇంజక్షను చల్లగా ఉంచకపోతే గుణము కోల్పోవును. అంటే ఫ్రిజ్, కరెంటు, రాత్రి డ్యూటీకి నర్సు, అందుబాటులో రక్తము, తీసుకువెళ్ళే బండి కావాలి. ఇవన్నీ డబ్బుతో వచ్చేవే. ఏది లేక ప్రాణము పోయిందో మంచము ప్రక్కన నిలిచిన వైద్యునికే తెలుసును. అందుకే ఆయన అడగవలెను.

ఖర్చు చేసినచోట ఫలము కనబడింది. 2005లో జననీ సురక్షా యోజన, మన రాష్ట్రములో 108 అంబులెన్సులు మొదలైనవి. బ్రతికి పుట్టిన లక్షమంది బిడ్డలకు లెక్కిస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో 195 మంది తల్లులు మరణించారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. అయినను ఆ 45 మందిలో ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లున్నది.

ఆ ఇంటికి భూస్థాపన ప్రార్థనకు వెళ్ళేది కాపరులమైన మేమే. అక్కడ దేవుని చిత్తమని చెప్పడం సులువు. కరెంటు లేక పాడైన మందుకు దేవుని చిత్తమని పేరు పెట్టరాదు.

2025 నాటికి దేశాదాయములో నూటికి రెండున్నర వంతు ప్రభుత్వాలు ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానము చెప్పింది. వైద్యులు అడిగేది ఆ మాట నిలుపుకొమ్మనే. ప్రభువు చెప్పిన ఉపమానములో న్యాయాధిపతి గుమ్మము విడువని విధవరాలు ఒంటరిది. మన వైద్యులను అలా ఒంటరిగా నిలువనీయకుందము. మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఏమి కొరవడిందో కనుక్కొని, సంఘముగా సంతకములు చేసి, ఎమ్మెల్యేకు, కలెక్టరుకు వినిపింతము.

అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక.