డ్రిల్లు మాస్టారి సున్నం గీతలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మంచి కోచ్ కావాలంటే ఏం కావాలో చెప్పమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. లెక్కల్లో మూడుసార్లు తప్పినవాణ్ణి వేదికెక్కించినందుకు సంతోషం. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు.

నేను రాష్ట్రస్థాయి దాటని ఆటగాణ్ణి. పటియాలాలో డిప్లొమా చేసి వచ్చాక, మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్ ఉంటే చాలనుకున్నాను. ఎంత గట్టిగా అరిస్తే అంత పెద్ద కోచ్ అని కూడా అనుకున్నాను.

రెండో ఏడు, 400 మీటర్లు పరిగెత్తే ఒక అమ్మాయి నా దగ్గర ఉండేది. పదహారేళ్లు. "మోకాలి కింద ఎముక లాగుతోంది సార్" అంది. "నొప్పి లేకుండా పతకాలొస్తాయా?" అని ఇంకో నాలుగు రౌండ్లు కొట్టించాను. పది రోజులకు నడవలేకపోయింది. ఎముకలో సన్నటి పగులు.

డాక్టరు నన్ను అడిగాడు: పొద్దున ఏం తిని వస్తుంది? ఎన్ని గంటలు పడుకుంటుంది? నెలసరి వస్తోందా? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఖాళీ కడుపుతో ఐదింటికి వచ్చేదని, నెలసరి ఆగి నాలుగు నెలలైందని వాళ్లమ్మ చెప్పింది. కష్టానికి తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముక బలహీనపడుతుంది. ఇది నేను చదివిన పాఠమే. ఆ అమ్మాయి మళ్లీ ట్రాక్ ఎక్కలేదు. నేను క్షమించమని అడగడానికి పదకొండేళ్లు పట్టింది.

అప్పటి నుంచి ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు. లేవగానే నాడి, నిద్ర, తిండి, నొప్పి. నెలసరి సంగతి అడగడానికి మొదట్లో నాకే సిగ్గు, మా ఆవిడ చేత అడిగించేవాణ్ణి. నాడి రోజూ కంటే బాగా ఎక్కువుంటే ఆ పూట పరుగు లేదు.

1984లో లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకుంది. ఆమెను తీర్చిదిద్దిన నంబియార్ గారు వైమానిక దళంలో పనిచేసినవారు, ఒలింపిక్స్‌లో పరిగెత్తినవారు కాదు. 1985లో ద్రోణాచార్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే ఆయనకిచ్చారు. మన హైదరాబాద్‌లో ఆరిఫ్ గారి శిష్యుడు గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, ఆ గోపీచంద్ శిష్యురాలు సింధు 2016లో రియోలో రజతం తెచ్చింది. నాకు పతకాల కంటే ఈ వరస ఇష్టం.

మన డ్రిల్లు మాస్టారికి ఏ డిప్లొమా ఉందో నాకు తెలియదు. సున్నంతో గీతలు గీసి, పందేనికి ముందు ఒక్కొక్కణ్ణీ "పొద్దున ఏం తిన్నావురా?" అని అడిగేవారు. ఏమీ తినలేదంటే తన క్యారియర్ విప్పేవారు. అది ఆయన మంచితనం అనుకున్నానే గానీ, పనిలో భాగమని తట్టలేదు.

జూబిలీ నిధితో ట్రాక్ వేయిద్దామంటున్నారు. వేయించండి. దాంతోపాటు పొద్దున్నే వచ్చే పిల్లలకు రెండు గుడ్లు, గ్లాసు పాలు పెట్టండి. మొదటి ఏడాది ఖర్చు నాది.