కాపడం మూటకు ఏ గుడ్డ?



నాలుగో జ్వరం లేచాక పట్టు రైతు ఇంట నడుము వాల్చే తీరిక ఉండదు. పురుగు మొత్తం మీద తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఐదో దశలోనే తింటుంది. ఆకు కోసి, మోసి, మేపి రాత్రికి నడుము పట్టేస్తే ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటాం. ఈ మూటకు వాడే గుడ్డ గురించి నాలుగు మాటలు చెబుతాను.

తళవాయిపురంలో నైటీలు కుట్టగా మిగిలిన ముక్కలకు కొదవ లేదు. చూపుకు అన్నీ నూలు గుడ్డల్లాగే ఉన్నా కొన్నింటిలో పాలియెస్టర్ కలిసి ఉండవచ్చు. పాలియెస్టర్ సుమారు 250 నుండి 260 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. మంట మీది ఖాళీ పెనం ఆ వేడిని దాటగలదు. అలాంటి మూటను పెనానికి అద్ది ఒంటికి పెడితే కరిగిన గుడ్డ చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తుంది.

పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. పడుగు నుండి, పేక నుండి కొన్ని పోగులు లాగండి. పురుగుల గదికి దూరంగా, పక్కన నీళ్లు ఉంచుకుని, పట్టకారుతో పట్టి కాల్చండి.

నూలు: కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద.
పట్టు: వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే నల్లని ఉండ.
పాలియెస్టర్: ముడుచుకుని కరుగుతుంది, ఉండ గట్టిగా ఉండి నలగదు.
కలగలుపు: కాగితం వాసనతో పాటు బూడిదలో గట్టి పలుకులు.

కుట్టుదారాన్ని కూడా ఇలాగే పరీక్షించండి. గుడ్డ నూలుదైనా దారం పాలియెస్టర్ కావచ్చు. జరీ, జిప్పు, లోహపు గుండీలు వద్దు. చత్రపట్టి బ్యాండేజి గుడ్డ నూలుదే అయినా నేత పలుచన కనుక ఉప్పు జారుతుంది. దళసరి నూలు గుడ్డను రెండు పొరలుగా కుట్టండి.

పాత పట్టుచీర ముక్కలు పనికిరావా అంటారేమో. పట్టు కరగదు గాని ఎక్కువ వేడికి పసుపుబారి, బలం తగ్గుతుంది. ఆ ముక్కలతో చిన్న సంచులు కుట్టి, వట్టివేరు నింపి బీరువాలో పెట్టుకోండి.

ఉప్పును మూకుడులో విడిగా వేడి చేసి, కాస్త చల్లారాక సంచిలో పోయండి. ముందు మణికట్టు లోపలి వైపు తాకించి చూడండి. మూట పెట్టుకుని నిద్రపోవద్దు. చక్కెర వ్యాధితో కాళ్లు మొద్దుబారినవారికి, పసిపిల్లలకు ఈ కాపడం పెట్టవద్దు. ఒకవేళ కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచండి. అంటుకున్న గుడ్డను లాగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

గుడ్డ, దారం రెండూ నూలువే అని తేల్చుకున్నాకే మూట కుట్టండి. సెలవు.