మస్టరు చదివిన సభలు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువబడిన ప్రసంగపాఠము)



భారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజును చూడవచ్చి, కుశలప్రశ్నల నెపమున రాజ్యపాలనమునంతయు ప్రశ్నించును. ఆయవ్యయములు వ్రాయు గణకులును లేఖకులును ప్రతిదినము ప్రొద్దుటిపూటనే లెక్క చూపుచున్నారా యని అందొక ప్రశ్న. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున, ఉద్యోగులు రాజధనమును అపహరించు మార్గములు నలువది యని లెక్కగట్టెను. అయితే ఈ రెండుచోట్లను లెక్క అడుగువాడు రాజే, చూపవలసినదియు రాజునకే. ఏ కూలివాని పేర సొమ్ము ఖర్చు వ్రాయబడినదో ఆ కూలివానికి లెక్క చూపవలెనన్న మాట అచట కానరాదు. ఆ మాటను పట్టుబట్టి అడిగినవారు రాజస్థానమున ఆరావళీ పర్వతముల నడుమ బ్రతుకు కూలిజనులు. 1994 డిసెంబరు మొదలుకొని ఇంచుమించు ఏడాదిన్నర కాలము వారు చేసిన పనియే ఈ ప్రసంగమునకు విషయము.

ఆ ప్రాంతము రాజసమంద్, పాలీ, అజ్మీరు, భిల్వాడా జిల్లాలు కలియుచోటు. నేల రాతినేల, వాన చాలని వాన. పంట చేతికి రాని ఏడు మగవారు దూరపు పట్టణములకు పనికై పోవుదురు. ఇంటనున్న ఆడువారు సర్కారు కరవు పనులకు పోవుదురు. రోడ్డుకు రాళ్లు పరచుట, చెరువుకట్టకు మట్టి మోయుట, ఇవియే ఆ పనులు. 1987లో అచటి దేవ్‌డూంగరీ అను చిన్న పల్లెకు ముగ్గురు వచ్చి ఒక మట్టి యింట కాపురముండిరి. అందొకరు 1975లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమును వదలిన అరుణా రాయ్. తక్కిన యిద్దరు నిఖిల్ డే, శంకర్ సింగ్. ఈ శంకర్ సింగ్ బొమ్మలాటలతోను వీధినాటకములతోను జనమును నవ్వించుచునే విషయము బోధించుటయందు నేర్పరి. ఊరివారితో కలిసి వీరు 1990 మే 1వ తేదీన భీమ్ అను ఊర మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘమును స్థాపించిరి. సంఘమున పూర్తికాలము పనిచేయువారు సర్కారు నిర్ణయించిన కనీస కూలి ఎంతయో అంతయే తీసికొనుట నియమముగ పెట్టుకొనిరి. సంస్థల నుండియు పరదేశముల నుండియు విరాళములు పట్టలేదు.

సంఘము మొదట అడిగినది కనీస కూలి మాత్రమే. చట్టము చెప్పిన కూలి చేతికి వచ్చుట లేదు. ఏమని అడిగినచో, మీరు చేసిన పని కొలతకు అంతే వచ్చినది అని జవాబు. ఆ కొలత చూపుడనిన, అది సర్కారు రహస్యము, చూపరాదు అని మరియొక జవాబు. 1923లో దొరల కాలమున పుట్టిన అధికార రహస్యముల చట్టము ఒకటున్నది గదా! మట్టి మోసిన మనిషి ఎన్ని తట్టలు మోసినదో ఆ మనిషికే తెలియరాని రహస్యమట! నిరాహారదీక్షలు జరిగినవి. కూలి కొంత పెరిగినది గాని, మూలమున ఉన్న కాగితము బయటపడనిదే ఈ చిక్కు వీడదని ఆ నిరక్షరులకు తోచెను. ఈ తోచుటయే గొప్ప విషయము.

కాగితముల సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. ఏ పల్లె పనికైనను మూడు కాగితములు ముఖ్యములు. ఒకటి మస్టరు: ఎవరు ఎన్ని దినములు పనికి వచ్చిరో, ఎంత కూలి పుచ్చుకొనిరో వ్రాసి వ్రేలిముద్రలు వేయించునది. రెండవది కొలతల పుస్తకము: ఎంత పొడవు, ఎంత లోతు పని జరిగినదో ఇంజనీరు వ్రాయునది. మూడవది సామానుల బిల్లులు, ఓచర్లు: సిమెంటు ఎన్ని బస్తాలు, రాయి ఎన్ని బండ్లు అనునది. ఈ మూడును ఒకదానితో ఒకటి సరిపోయినచో పై కార్యాలయమున ఆక్షేపణ ఉండదు. సరిపోవునట్లు వ్రాయుట ఏమంత కష్టము కాదు. ఊరు విడిచి పోయినవాని పేరు మస్టరులో ఎక్కించి ఎవని వ్రేలిముద్రయో వేయించవచ్చును. ఒకే మనిషిని ఒకే దినమున రెండు పనులలో చూపవచ్చును. రాని బండికి కూడ కిరాయి వ్రాయవచ్చును. కరణములను గూర్చి సుమతి శతకకారుడు చెప్పిన మాటలు ఈ సభలోని పెద్దలందరు ఎరిగినవే. మన రాష్ట్రమున 1984లో కరణీకములు పోయినంత మాత్రమున కలము పట్టినవాని స్వభావము మారిపోలేదు. ఈ అబద్ధము పైవానికి తెలియదు. మస్టరులోని పేరు గలవానికే తెలియును. వానికి చదువు రాదు. వ్రాసినవాడు నిశ్చింతగా నిద్రించుటకు ఇంతకంటె ఏమి కావలెను?

1994 చలికాలమున సంఘమువారు, అధికారులలో కొందరి సానుభూతి వలన, కొన్ని పంచాయతీల మస్టరులను బిల్లులను చూడగలిగి చేతితో నకళ్లు వ్రాసికొనిరి. ఆ నకళ్లతో ఇంటింటికి తిరిగి, పేరు పేరున చదివి వినిపించిరి. నీవు ఫలానా నెలలో ఫలానా కట్టమీద ఇన్ని దినములు పని చేసితివట, ఇంత కూలి తీసికొంటివట, నిజమేనా? అని అడిగిరి. ఎన్నడును ఆ పనికి పోనివారు తమ పేర్లు విని తెల్లబోయిరి. పోయినవారు తమకు ముట్టిన సొమ్మునకును కాగితమున వ్రాసిన సొమ్మునకును గల అంతరము విని మండిపడిరి. ఇవి మీరే సభలో చెప్పెదరా యని అడుగగా, భయపడుచునే ఒప్పుకొనిరి. ఆ భయమును తక్కువగా ఎంచరాదు. అడుగవలసినది తమ ఊరి సర్పంచును. రేపు మరల పని అడుగవలసినదియు అతనినే.

1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లా కోట్ కిరాణాలో మొదటి సభ జరిగెను. దానిని జన్ సున్‌వాయీ అనిరి, అనగా జనుల యెదుట విచారణ. మైకు పెట్టి మస్టరు చదివిరి. ఆ ఊర పట్వారీకై కట్టిన ఇల్లు పూర్తి అయినట్లు లెక్క. సభలోనివారు తల త్రిప్పి చూచినచో అసంపూర్ణముగ నిలిచిన కట్టడము కండ్ల యెదుటనే యున్నది! ఇక వాదమునకు చోటెక్కడ? అధికారులను, ప్రతినిధులను పిలిచి, జవాబు చెప్పుకొనుటకు వారికిని సమయమిచ్చుట ఆ సభల పద్ధతి. బయటినుండి వచ్చిన లాయర్లు, పత్రికలవారు మొదలగువారు మధ్యస్థులుగ కూర్చుండి వినిరి. నిందించి పంపుట గాక, నిందపడినవాని మాట కూడ వినుట ఆ సభల మర్యాద.

ఐదు దినములకు భీమ్‌లో మరియొక సభ. అందు సామాను సరఫరా చేసినట్లు బిల్లులున్న ఒక కంపెనీ సంగతి పైకి వచ్చెను. కాగితము మీద పేరే గాని దానికి అంగడియు లేదు, సరకును లేదు. డిసెంబరు 17న విజయపురాలోను, 1995 జనవరి 7న జవాజాలోను, ఏప్రిల్ 25న థానాలోను సభలు జరిగినవి. అన్నింటిని వర్ణించుట అనవసరము. ఊరి పేర్లు మారినవి గాని మస్టరులోని విద్యలు మారలేదు.

జవాజా సభకు ముందు జరిగినది మాత్రము చెప్పవలసినది. అజ్మీరు జిల్లాలోని గ్రామసేవకులు, అనగా పంచాయతీ కాగితములు వ్రాయు ఉద్యోగులు, నకళ్లు ఇయ్యమని ఎదురు తిరిగి సమ్మె చేసిరి. మేము సర్కారు ఆడిటుకు బద్ధులము గాని ఊరి జనమునకు లెక్క అప్పగించుటకు బద్ధులము కాము అని వారి వాదము. లెక్కలు వ్రాయు వృత్తిలో నలిగినవారికి ఈ వాదములోని గుట్టు తెలియును. ఆడిటరు కాగితమును కాగితముతో సరిచూచును. ఓచరు ఉన్నదా, సంతకమున్నదా, మొత్తము కలిసినదా? కలిసినచో సరి. కట్టని గోడకు సరియైన ఓచరున్నచో ఆడిటునకు లోపము దొరకదు. కాగితమును గోడతో సరిచూడగలవాడు ఆ గోడప్రక్క కాపురముండువాడొక్కడే. గ్రామసేవకులు భయపడినది అతనిని చూచియే. వారిలో నిజాయితీపరులు లేరని కాదు. ఆ సొమ్ము వారి యొద్దనే ఆగినదనియు కాదు. చిన్న ఉద్యోగి చేతిమీదుగా పోవు లంచము మెట్లెక్కి పైకి పోవునని అందరికి తెలిసినదే, సంతకము మాత్రము క్రిందివానిది.

ఈ సభల వార్తలు పత్రికల కెక్కినవి. 1995 ఏప్రిల్ 5వ తేదీన రాజస్థానపు ముఖ్యమంత్రి భైరోంసింగ్ షెఖావత్, పంచాయతీ పనుల కాగితములకు ప్రజలు నకళ్లు పొందవచ్చునని శాసనసభలో ప్రకటించెను. జనులు సంతోషించిరి. కాని శాసనసభలో పలికిన మాట తాలూకా కార్యాలయపు బల్ల మీదికి రావలెనన్న ఆర్డరు కావలెను. నెలలు గడచినవి, ఆర్డరు రాలేదు. అడిగినచోట నెల్ల, మాకు పైనుండి ఉత్తరువు లేదు అను మాటయే. సరిగా ఏడాది గడచిన మరునాడు, 1996 ఏప్రిల్ 6న, సంఘమువారు బ్యావర్ పట్టణమున చాంగ్ గేటు కడ ధర్నాకు కూర్చుండిరి. అప్పుడొక ఆర్డరు వెలువడినది: కాగితములు చూడవచ్చును, చేతితో వ్రాసికొనవచ్చును, ఫోటో నకలు మాత్రము ఇయ్యబడదు! చూచి వ్రాసికొన్న కాగితము సాక్ష్యమునకు పనికిరాదని ఆర్డరు వ్రాసినవానికి తెలియదా? చదువురానివారికి చూచు హక్కు ఇచ్చుట ఎంతటి ఔదార్యము!

ధర్నా నలువది దినములు సాగెను. పల్లెలవారు వంతులవారీగా వచ్చి కూర్చుండిరి, ఇంటింట గోధుమలు పోగుచేసి తెచ్చిరి. బ్యావర్ పట్టణ ప్రజలు సరకులును సొమ్మును ఇచ్చి ఆదరించిరి. అది పార్లమెంటు ఎన్నికల సమయము. ధర్నావారు ఏ పార్టీకిని వోటు అడుగలేదు, మా సొమ్ము, మా లెక్క అనుటయే వారి కేక. నాలుగవ తరగతి మాత్రమే చదివిన సుశీల అను సంఘ సభ్యురాలు పత్రికలవారికి చెప్పిన సమాధానము ప్రసిద్ధమైనది. కొడుకునకు పది రూపాయలిచ్చి సంతకు పంపిన తల్లి తిరిగి వచ్చినంతనే లెక్క అడుగును, తన పేర కోట్లు ఖర్చుచేయు సర్కారును లెక్క అడుగుట తప్పా యని ఆమె ప్రశ్న. పెద్ద పెద్ద న్యాయశాస్త్రవేత్తలు తరువాత వ్రాసిన పుటలన్నియు ఈ వాక్యమునకు వ్యాఖ్యానములే అనిన అతిశయోక్తి కాదు.

ఆ మే నెలలో ప్రభుత్వము ఒక కమిటీని నియమించుటతో ధర్నా ముగిసెను. మరల తాత్సారము. 1997లో జయపురమున మరియొక ధర్నా, ఏబదిమూడు దినములు. దాని చివర ఒక విచిత్రము బయటపడినది. నకళ్లిచ్చు ఆర్డరు ఆరు నెలల క్రిందటనే గెజెటులో అచ్చయినదని ప్రభుత్వమే చెప్పెను! ప్రజలకు సమాచారమిచ్చు ఉత్తరువే ప్రజలకు తెలియక ఆరు నెలలు అరలో నిద్రించినది. కల్పించి వ్రాసినచో ప్రహసనమనుకొందురు.

2000లో రాజస్థానమునకు, 2005లో దేశమునకంతటికి సమాచార హక్కు చట్టములు వచ్చినవి. కేంద్రచట్టము 2005 అక్టోబరు 12న అమలునకు వచ్చెను. ఆ ఏడే చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టమున గ్రామసభచేత లెక్కల తనిఖీ విధింపబడినది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకము ప్రారంభమైనది మన అనంతపురం జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలోనే. ఆ ఏడే ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీ మొదలుకాగా, నేర్పుటకు వచ్చినవారిలో రాజస్థానపు ఆ సంఘమువారును ఉండిరి. కూలివారి ఇండ్లలో చదువుకొన్న పిల్లలే మస్టరు నకలు పట్టుకొని గడపగడపకు పోయి, పోస్టాఫీసు పాసుబుక్కుతో సరిచూచి, గ్రామసభలోను, పిదప మండలపు ప్రజావేదికలోను చదివిరి. పట్టుబడిన సొమ్ములో తిరిగి వచ్చినది కొంతయే. రాబట్టు అధికారము చదివినవారికి లేదు. వారి పని చదువుటతో ముగియును.

గ్రామ గ్రంథాలయములలో ఒకప్పుడు చదువు వచ్చినవాడు పత్రిక చేతబట్టి బిగ్గరగా చదువగా, రానివారు చుట్టు కూర్చుండి వినుట వాడుక. ఆ పత్రికలో ఎక్కడెక్కడి యుద్ధములో ఉండెడివి. కోట్ కిరాణాలో చదివిన కాగితమున విన్నవారి పేర్లే ఉండినవి. మొదటి పేరు చదువగనే జనములోనుండి ఎవరో లేచి, అది నేనే, నేను ఆ పనికి పోలేదు అనుటతో సభ మొదలయ్యెడిది.