దిద్దుబాటుకు మూల్యమెంత?

1913 నుండి చెరకు పరిశోధన సాగుతున్న అనకాపల్లిలో రైతుకు ఒక సంగతి బాగుగా తెలియును. నాటిన రకం నచ్చినచో మోళ్ళ నుండి కార్శి పెంచవచ్చును. నచ్చనిచో మోళ్ళు త్రవ్వి, దుక్కి దున్ని, క్రొత్త ముచ్చెలు నాటవలెను. ఆ ఖర్చు కన్నుల ఎదుట ఉన్నందుననే అతడు ఆలోచించి నాటును.

మన పిల్లలు కంప్యూటరుపై ఆడే పాత్రధారణ క్రీడలలోను ఈ చిక్కే ఉన్నది. ఆటగాడు తన వీరునికి లభించిన పాయింట్లను ఖడ్గవిద్యకో, మంత్రవిద్యకో వినియోగించును. ఆ ఎంపిక బెడిసినచో? 2000లో వెలువడిన రెండవ ‘డయాబ్లో’లో తొలుత దిద్దుకొనే మార్గమే లేదు, అది 2010లో వచ్చినది. 2004 నాటి ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో రుసుము ఉండెడిది: మొదట ఒక బంగారు నాణెం, పిమ్మట 5, ఆపై 10, ఇట్లు 50 వరకు. 2012 నాటి మూడవ ‘డయాబ్లో’లో విద్యలను ఉచితముగానే మార్చుకొనవచ్చును.

ఆటలో శ్రమించి గడించిన నాణెములతో చెల్లించే రుసుము ఎంపికకు విలువనిచ్చును. కాని ‘మేపుల్ స్టోరీ’ వంటి ఆటలు ఈ దిద్దుబాటును నిజమైన ధనమునకే విక్రయించినవి. అప్పుడు ఆటగాని తడబాటే అమ్మకందారుకు ఆదాయమగును. ముందుగా విడమరచి చెప్పవలెనన్న శ్రద్ధ సన్నగిల్లును.

కనుక పిల్లవాడు ఇట్టి దిద్దుబాటుకు పైకమడిగిన దినమున, ఇచ్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: “తొలుత ఏది ఎంచుకొంటివి? ఎందుకు?” అతడు చెప్పగలిగిన సమాధానములోనే సగము దిద్దుబాటు జరిగిపోవును.