పిల్లల నిద్ర – చేతిలోని ఫోను



నిద్ర విలువ యేమో రైల్వే కుటుంబములకు వేరొకరు చెప్పవలసిన పనిలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు పందొమ్మిదవ శతాబ్దపు చివర ఖరగ్‌పూరునకు వచ్చి వర్కుషాపు తలపెట్టిన కాలమునుండియు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారు ఈ యూరిలో రాత్రిని పగలుగను, పగటిని రాత్రిగను మార్చుకొని బ్రతికినారు. 1944లో ఆ రైల్వే ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. పేర్లు మారినవి గాని నైట్ డ్యూటీ మారలేదు. ఓల్డ్ సెటిల్‌మెంటులో పట్టపగలు ఒక క్వార్టరు కిటికీలు మూసియున్నచో, ఆ యింటాయన రాత్రి డ్యూటీ దిగి పండుకొనియున్నాడని ఇరుగుపొరుగులకు చెప్పకయే తెలియును. వాకిట ఆడుకొను పిల్లలను ఇల్లాలు దూరముగా పొమ్మనును. ఆయన లేచువరకు కుక్కరు కూత కూడ ఆగును.

ఇది ఇంటి మర్యాద. రైల్వే దీనినే నియమముగ చేసినది. పనిగంటలను గూర్చియు విశ్రాంతిని గూర్చియు 2005లో వెలువడిన నిబంధనలు నేడును అమలులో నున్నవి. ఇంజను నడుపువాడు ఎనిమిది గంటలో అంతకు మించియో పనిచేసి వచ్చినచో, స్వస్థలమున అతనికి పదునారు గంటల విశ్రాంతి నీయవలయును. పైయూరిలో దిగినవానికి రన్నింగు రూములో మంచము, భోజనము సిద్ధముగ నుండవలయును. అంతటితో నమ్మకము చాలక, ఇంజనులో ఒక కాపలా యంత్రమును గూడ అమర్చినారు. నిమిషముపాటు డ్రైవరు ఏ మీటయు కదపనిచో దీపము వెలుగును. పిదప గంట మ్రోగును. అప్పటికిని కదలిక లేనిచో బ్రేకులు వాటంతట అవే పడును. బండి నడుపుచున్నంతసేపు సొంత ఫోను ఆపివేయవలయుననియు ఆజ్ఞ కలదు. నిద్రలేనివాని చేతికి బండి నీయరాదని ఈ యేర్పాటులన్నింటికిని తాత్పర్యము.

అదే క్వార్టరులో ప్రక్కగదిలో పదిహేనేండ్ల కుమారుడో కుమార్తెయో యున్నారనుకొనుడు. రాత్రి ఒంటిగంట. దీపము ఆర్పి రెండు గంటలైనది గాని దుప్పటిలో నీలపు వెలుగు ఆరలేదు. తెల్లవారి ఆరింటికి లేవవలయును. అనగా ఐదు గంటల నిద్ర. అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో పదమూడు మొదలు పదునెనిమిదేండ్లవరకు గల వారికి దినమునకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావలయునని నిర్ణయించినది. తక్కువలో తక్కువ లెక్క వేసినను రాత్రికి మూడు గంటల లోటు. ఆరు రాత్రులకు 18 గంటలు. తండ్రికి ఇట్టి లోటు వచ్చినచో యూనియను వారు ఆఫీసు మెట్లెక్కుదురు. బిడ్డ పక్షమున అడుగువారు లేరు. పైగా ఉదయము వాడు లేవలేకపోయినచో సోమరిపోతను పేరు!

ఆ పేరు న్యాయము కాదు. మానవుని మెదడులో, రెండు కండ్లనుండి వచ్చు నరములు కలిసికొను చోటికి కొంచెము పైన, ఒక గడియారము కలదు. దేహమునకు పగలు రాత్రి తెలుపునది అది. అట్టి గడియారము జీవకణములలో ఏ విధముగ తిరుగునో కనుగొనినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. చీకటి పడిన పిమ్మట ఈ గడియారపు ఆజ్ఞపై మెలటోనిన్ అను రసము రక్తములో చేరి, నిద్రకు వేళయైనదని దేహమునకు తెలుపును. యౌవనము ప్రవేశించు వయస్సున ఆ గడియారము గంటనుండి రెండు గంటలవరకు వెనుకకు జరుగును. పదేండ్లప్పుడు తొమ్మిదింటికి తూగిన బిడ్డకు పదిహేనవ యేట పదకొండైనను కునుకు రాదు. ఇది పెంకితనము కాదు, ప్రకృతి. ఈ కారణముచేతనే అమెరికా శిశువైద్యుల సంస్థ 2014లో ఉన్నత పాఠశాలలు ఎనిమిదిన్నరకు ముందు తెరువరాదని కోరినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2022 నుండి దానిని చట్టముగ అమలుపరచినది. ఇచ్చట వేసవిలో ఒంటిపూట బడులు ఏ వేళకు మొదలగునో తల్లులకు తెలియును.

ఇట్లు ఆలస్యముగ నిద్రవచ్చు వయస్సున చేతికి ఫోను వచ్చినది. దాని వెలుగులోని నీలిభాగము కంటిద్వారా గడియారమునకు చేరి, ఇంకను ప్రొద్దు గ్రుంకలేదని భ్రమింపజేయును. బోస్టనులోని పరిశోధకులు పండ్రెండుగురు యువజనులచే కొన్ని రాత్రులు వెలుగు తెరపైనను, కొన్ని రాత్రులు అచ్చు పుస్తకములోను చదివించి చూచినారు. తెర చదివిన రాత్రులలో మెలటోనిన్ తగ్గినది. నిద్రపట్టుటకు సుమారు పది నిమిషములు ఆలస్యమైనది. పది నిమిషములే గదా యని మీరనవచ్చును. నిజమే. వెలుగుచేత కలుగు నష్టము చిన్నది. అసలు నష్టము మరియొకచోట నున్నది.

పూర్వము రేడియోలో రాత్రి కార్యక్రమములు ముగిసినవని చెప్పి నిలయము మూసెడివారు. సినిమాకు చివర 'శుభం' పడెడిది. వారపత్రికలోని సీరియలు మంచి పట్టున ఆగి, వచ్చే వారమువరకు వేచియుండుమనెడిది. వాటికి అంతమున్నది కనుక మనుష్యునకు లేచి దీపము ఆర్పు సందు దొరకెడిది. ఫోనులోని బొమ్మకు అంతము లేదు. ఒకటి ముగియకమునుపే మరియొకటి సిద్ధము. ఆపవలసిన బాధ్యత, ఆపుశక్తి ఇంకను పూర్తిగ ఎదగని పదిహేనేండ్ల మెదడుపై పడినది. పెద్దలే ఆపలేకున్నారు గదా!

అట్లని ఫోనును పిశాచముగ చిత్రించుట సత్యము కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 2019లో మూడున్నర లక్షలకు పైబడిన పిల్లల లెక్కలు పరిశీలించి, వారి క్షేమములో గల హెచ్చుతగ్గులలో తెరల వాడకముచే వివరింపదగినది నూటికి అర పాలు కూడ లేదని తేల్చినారు. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి సాంఘిక మాధ్యమములను గూర్చి గట్టి హెచ్చరిక చేసినమాట నిజమే. ఆయనయు నిద్రకు కలుగు భంగమును ప్రత్యేకించి పేర్కొనినారు. సాయంకాలము నాలుగింటికి చూచిన అరగంటయు, రాత్రి ఒంటిగంటకు చూచిన అరగంటయు లెక్కలో సమానమే. బిడ్డకు సమానము కావు. రెండవది నిద్రనుండి దొంగిలించినది.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఇంకొక చిక్కు కలదు. ఇచ్చటి బిడ్డ బడిలో హిందీయో ఇంగ్లీషో చదువును. వీధిలో బెంగాలీ మాటాడును. తెలుగు ఇంటిలో విన్నంతే. విజయనగరముననున్న అమ్మమ్మ ముఖము కనబడునది ఫోనులోనే. తెలుగు పాట, తెలుగు సినిమా, మేనత్త కొడుకుల హాస్యము, అన్నియు దానిలోనే. 2020లో బడులు మూతపడినప్పుడు తల్లిదండ్రులే అప్పుచేసియైనను ఫోను కొని చదువుకొమ్మని చేతికిచ్చినారు. నేడు దానిని లాగికొని బీరువాలో పెట్టి తాళము వేసినచో, చదువుతోబాటు భాషకును బంధువులకును తాళము పడును. కావున మాన్పించుట కాదు, వేళ కట్టుట యుక్తము.

నిద్ర తగ్గినకొలది మెదడులో భయమును, కోపమును పుట్టించు భాగము చిన్న మాటకే పెద్దగ చలించును. దానిని పట్టియుంచు భాగము మందగించును. నిన్న చదివిన పాఠము జ్ఞాపకములో కుదురుకొనునది కూడ నిద్రలోనే. ఇంతవరకు తల్లిదండ్రులు సులభముగ ఒప్పుకొందురు. ఒప్పుకొననిది ఇంకొకటి కలదు. ఫోనువలన నిద్రపోని బిడ్డ యున్నట్లే, నిద్ర రాక ఫోను పట్టుకొనిన బిడ్డయు ఉండును. మనస్సు క్రుంగినవానికి రాత్రి మిక్కిలి దీర్ఘము. ఆ చీకటిలో పలుకరించునది ఫోను ఒక్కటే. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య పరిశీలనలో పదమూడు నుండి పదునేడేండ్లవారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక బాధ గలవారని తేలినది. నలుబదిమంది కూర్చుండు తరగతిలో అది ముగ్గురితో సమానము. అట్టివాని చేతినుండి అర్ధరాత్రి ఫోను లాగుకొని రెండు చీవాట్లు పెట్టినచో, వానికున్న ఒక్క తోడును పోయినట్లగును. మొదట అడుగవలసినది "ఎందుకు చూచుచున్నావు?" అని కాదు, "నిద్ర పట్టుట లేదా నాయనా?" అని.

ఇక ఇంటిలో చేయదగినవి. రాత్రి పది దాటిన పిమ్మట ఫోనులన్నియు ముందుగదిలో ఒక్కచోట చార్జికి పెట్టుట మేలు. అమ్మ ఫోను గూడ అచ్చటనే యుండవలయును. లేనిచో బిడ్డ వాదమునకు సమాధానముండదు. తండ్రి సంగతి వేరు. డ్యూటీ పిలుపు ఏ వేళనైన రావచ్చును గనుక ఆయన ఫోను ప్రక్కనుండక తప్పదు. ఈ మినహాయింపునకు కారణము బిడ్డకు విప్పి చెప్పుడు, దాచకుడు. ప్రొద్దున లేచుటకు అలారము కావలయునని వాడనును. గోల్‌బజారులో ఒక చిన్న అలారము గడియారము కొనియిచ్చినచో ఆ సాకు తీరును. ఒంటిగంటకు నిద్రించువానిని ఒక్కసారి పదింటికి పండుకొమ్మనుట వ్యర్థము. కొన్నాళ్లకొక పర్యాయము పావుగంట చొప్పున ముందునకు జరుపవలయును. లేచిన వెంటనే ఎండ ముఖమున పడునట్లు వాకిటికి పంపుట ఆ గడియారమును సరిదిద్దు మందు. ఆదివారము పగలు పండ్రెండువరకు నిద్రించినచో సోమవారము మరల మొదటికి వచ్చును. ట్యూషను మాస్టర్లు రాత్రి పదకొండింటికి గ్రూపులో నోట్సు పంపుట కలదు. దానిని సాయంకాలమే పంపుడని తల్లిదండ్రులు కలిసి అడిగినచో వారు కాదనరు.

రెండు వారములకు పైగా బిడ్డ ముభావముగ నుండి, తిండి తగ్గి, ఆటయు స్నేహితులును రుచింపక, బ్రతుకుపై విసుగు మాటలు పలికినచో, ఫోను చర్చ ఆపి వైద్యుని కడకు పోవలయును. రైల్వే ఆసుపత్రి సౌకర్యము రైల్వే కుటుంబములకు కలదు. అది జ్వరమునకు మాత్రమే కాదు. ఫోను వ్యసనమునకు బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2014 నుండి ప్రత్యేక వైద్యశాల కలదు. అంతదూరము పోనక్కరలేకయే, కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగ మాటాడవచ్చును. పిలిచినవారు తమ భాషను కోరుకొనవచ్చును. ఆ భాషలలో తెలుగును గలదు. హిందీలో పాఠమప్పగించుచు, బెంగాలీలో ఆడుకొను బిడ్డ తన దిగులును ఏ భాషలో చెప్పుకొనునో తల్లిదండ్రులకైనను ముందుగ తెలియదు. ఆ సంఖ్యను వంటింటి క్యాలెండరు ప్రక్కన, బిడ్డకు గూడ కనబడుచోట, వ్రాసి యుంచుడు.