ఎదురు మనిషి లేని సాము
పోచంపల్లి సభకు సమర్పించిన స్మారకోపన్యాస పాఠం

కరాటే బడిలో చేరిన విద్యార్థికి తొలుత నేర్పేది ఎదుటివాణ్ణి కొట్టడం కాదు. ఎదుట ఎవరూ లేకుండానే అడుగు వేయడం, మళ్లడం, అడ్డుకోవడం, గుద్దడం అనే పనులను ఒక నిర్ణీత క్రమంలో, ఏ కదలికా తప్పిపోకుండా చేసుకుంటూ పోవడం. ఈ కదలికల వరుసను జపాను భాషలో కటా అంటారు. కటాలో ఆరితేరిన మనిషి నిజంగా కొట్లాట ఎదురైతే నిలవగలడా, లేక అతడు నేర్చింది కంటికి ఇంపైన వ్యాయామం మాత్రమేనా అన్న వాదం వందేళ్లుగా తెగకుండా నడుస్తోంది. ఈ వాదానికి కరాటే పుట్టిన ఒకినావా ద్వీపంలో ఎన్ని ఆధారాలున్నాయో నల్లగొండ జిల్లా చరిత్రలోనూ అన్ని ఉన్నాయి. ఎందుకంటే చేతి కర్ర, నోటి కేక, తోటి మనిషి తప్ప వేరే బలం లేని జనం 1946 నుంచి 1948 దాకా ఈ నేలమీద సాయుధులకు ఎదురు నిలిచారు. గరిడీలలో, తాలీంఖానాలలో కర్రసాము నేర్పి తమ పేరైనా మిగల్చుకోకుండా వెళ్లిపోయిన ఉస్తాదుల స్మృతికి, గుతప, అంటే బలమైన చేతికర్ర, పట్టి ఊరు కాచిన వారి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం.

దక్కనులో దేహసాధనకు రాతలో దొరికే విస్తారమైన వర్ణనల్లో ఒకటి కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్ది తొలి భాగంలో కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసం. పోచంపల్లికి చేరువలోని కొలనుపాక ఆ చాళుక్యుల ఏలుబడిలో ప్రధాన కేంద్రాలలో ఒకటిగా వెలిగింది కాబట్టి, ఆ గ్రంథంలోని లోకం ఈ ప్రాంతానికి పరాయిది కాదు. అందులోని మల్లవినోద ప్రకరణం వస్తాదులను వయసును, దేహాన్ని, బలాన్ని బట్టి తరగతులుగా విడదీసి, వారి తిండినీ కసరత్తునూ వివరించి, ఆ తరువాత వారిని జోడీలుగా బరిలోకి దింపే పద్ధతిని చెబుతుంది. ఒంటరి కసరత్తు, జోడీతో పెనుగులాట అనే రెండు మెట్లూ ఒకే సాధనలో భాగాలని, మొదటిది రెండవదానికి సిద్ధపరిచేదే తప్ప దానికి బదులు కాదని ఈ ఏర్పాటు వల్ల తెలుస్తుంది.

రెండవ మెట్టు జారిపోతే మొదటిది ఏమవుతుందో కాకతీయుల నాటి పేరిణి చూపుతుంది. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని పదమూడవ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళి పేరిణిని వర్ణించింది. యుద్ధానికి బయలుదేరే ముందు వీరులు దానిని ఆడేవారని సంప్రదాయం చెబుతుంది. శతాబ్దాల తరువాత నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని పేరిణిని తిరిగి నిలబెట్టినప్పుడు అది రంగస్థలం మీదికి నృత్యంగా వచ్చింది, నృత్యంగానే గౌరవం పొందింది. అందులో పౌరుషం ఉంది, తాళం ఉంది, కాలి దమ్ము ఉంది. ఎదుటివాడు మాత్రం లేడు. పోరు వెళ్లిపోయాక కూడా రూపం బతకగలదని, అలా బతికిన రూపానికి కళగా విలువ తగ్గదని, అయితే అది ఇక పోరాట విద్య కాదని పేరిణి చరిత్ర చెబుతుంది.

కర్రసాము ఈ రెండింటికీ నడుమ నిలిచిన విద్య. నిజాం ఏలుబడిలో హైదరాబాదులోనూ జిల్లా పట్టణాలలోనూ తాలీంఖానాలు, అంటే కసరత్తు, కుస్తీ, కర్ర, కత్తి నేర్పే శిక్షణశాలలు ఉండేవి. పల్లెల్లో పీర్ల పండుగ ఊరేగింపుల్లో హిందువులూ ముస్లింలూ కలిసి కర్రసాము ఆడేవారు. ఊరేగింపులో కర్రను రెండు చేతుల మధ్య గిరగిర తిప్పడం, వీపు వెనకనుంచి ముందుకు తేవడం చూపరుల కోసం పుట్టిన విద్య. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఒకరి దెబ్బను మరొకరు కాచుకోవడం వేరే విద్య. మొదటిదానివల్ల మణికట్టు ఆడుతుంది, కర్ర చేతిలో అంగమైపోతుంది. దెబ్బకు ఎంత దూరంలో నిలవాలి, ఏ క్షణంలో లోపలికి చొరబడాలి అన్న ఎరుక రెండవదానివల్ల మాత్రమే కలుగుతుంది.

ఒకినావాలోనూ ఈ చీలిక ఇలాగే వచ్చింది, అయితే అక్కడ దానికి తేదీలున్నాయి. 1879లో జపాను కలుపుకునేదాకా ఒకినావా ర్యూక్యూ రాజ్యంగా ఉండేది. ఆ రాజుల అంగరక్షకుడిగా పనిచేసిన మాత్సుమురా సోకోన్ వంటి వారికి కరాటే విద్య కొలువు అవసరం, కాబట్టి గురువు కొద్దిమంది శిష్యులకు మాత్రమే, కదలికతో పాటు దాని ప్రయోగాన్ని కూడా చెప్పి నేర్పేవాడు. రాజ్యం పోయి కొలువు పోయాక, మాత్సుమురా శిష్యుడు ఇతోసు అంకో 1901 ప్రాంతంలో ఈ విద్యను షురిలోని ప్రాథమిక పాఠశాలకు తెచ్చి, బడిపిల్లలకు వీలుగా పినాన్ అనే అయిదు చిన్న కటాలను కూర్చాడు. పిల్లలు బారులు తీరి ఒకే ఆజ్ఞకు ఒకేసారి కదలాలి కనుక, ఒకరి కీళ్లు ఒకరు విరుచుకోకూడదు కనుక, ప్రమాదకరమైన ప్రయోగాలు వెనక్కి తగ్గి కదలికలు ముందుకు వచ్చాయి. ఆ ఇతోసే 1908లో అధికారులకు రాసిన పది అంశాల లేఖలో, ప్రతి కదలికా దేనికోసమో, ఏ సందర్భంలో వాడాలో తెలుసుకుని సాధన చేయాలని హెచ్చరించాడు. లేఖలోని దేహదారుఢ్యం మాట బడులలో నిలిచింది. ఈ హెచ్చరిక చాలాచోట్ల మరుగునపడింది.

ఇతోసు శిష్యుడు ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి, జపాను విశ్వవిద్యాలయాలలో కరాటేకు చోటు సంపాదించాడు. ఫునకోషి తన ఇరవై సూత్రాలలో కటాను ఖచ్చితంగా చేయాలని చెబుతూనే, నిజమైన పోరు దానికి భిన్నమైన వ్యవహారమని అదే సూత్రంలో ఒప్పుకున్నాడు. అంటే సంప్రదాయ కరాటేను ప్రచారం చేసిన పెద్దలకే ఈ తేడా స్పష్టంగా తెలుసు. అతని సమకాలికుడు మోటోబు చోకి వీధి కొట్లాటల్లో రాటుదేలినవాడిగా పేరు మోసినవాడు; ఎన్నో కటాల వెంట పోకుండా నైహాంచి అనే ఒక్క కటాను ప్రాణంగా పట్టుకుని, దానినుంచి జోడీ సాధనలను తీసి 1926లో పుస్తకంగా అచ్చువేయించాడు. కటాను ఎగతాళి చేసేవారు ఒకవైపు, దానిని పూజించేవారు మరొకవైపు నిలిచే నేటి వాదానికి మోటోబు జీవితమే గట్టి సమాధానం: కటా అతని చేతిలో పనిచేసింది, ఎందుకంటే అతడు దానిని మనుషుల మీద పరీక్షించాడు.

నైహాంచిలోని ఒక కదలికను దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. సాధకుడు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, అరచేతిని పక్కకు చాచి, ఆపై రెండవ చేతి మోచేతిని తెచ్చి ఆ అరచేతికే తాకిస్తాడు. బయటివారికి అది తన చేతిని తానే కొట్టుకోవడంగా కనిపిస్తుంది. చాచిన చేయి ఎదుటివాడి మెడనో తలనో పట్టుకుని ఉందని ఊహిస్తే, మోచేయి ఆ ముఖానికి తగులుతుంది. అలాగే గుద్దే ప్రతిసారీ రెండవ పిడికిలిని నడుముకు లాక్కోవడాన్ని హికితే అంటారు; ముఖానికి కాపు లేకుండా పోతుందని బాక్సర్లు ఆక్షేపించే ఈ పని, ఎదుటివాడి చేతిని ఒడిసిపట్టి లాగుతూ కొట్టేటప్పుడు సార్థకమవుతుంది, చేతిలో ఏమీ లేనప్పుడు ఆక్షేపణే నిజమవుతుంది. కదలిక వెనుక ఉన్న ప్రయోగాన్ని ఇలా విప్పి చూడటాన్ని బుంకాయ్ అంటారు. చిటికి కట్టే ఇళ్లున్న ఈ ఊరికి ఇది సులువుగా బోధపడే విషయం: రబ్బరు పట్టీలతో బిగించి రంగులో ముంచిన నూలులో పువ్వూ ఏనుగూ అన్నీ ముందే ఉంటాయి, అయినా మగ్గమెక్కి పడుగూ పేకా ఒకదానికొకటి కలిసేదాకా అది కట్టుకునే బట్ట కాదు.

అయితే బుంకాయ్‌తో వాదం ముగిసిపోదు. ఎదుటివాడు చెప్పినట్టే చేయి చాచి, పట్టుకోనిచ్చి, కదలకుండా నిలబడితే ఏ ప్రయోగమైనా అద్భుతంగానే పండుతుంది; అటువంటి జోడీ సాధన కూడా ఇద్దరు కలిసి ఆడే కటాయే. ఫునకోషి మరణించిన 1957లోనే జపాన్ కరాటే సంఘం తొలి జాతీయ పోటీలు జరిపినప్పుడు కటాను, కుమితే అనే ఎదురుబొదురు పోరును వేర్వేరు అంశాలుగా ఉంచింది; ఆ విభజన 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దాకా సాగింది; అక్కడ ఒకినావాకు చెందిన కియునా ర్యో ఒక్క దెబ్బ తినకుండా, ఎవరినీ కొట్టకుండా కటాలో స్వర్ణం గెలిచాడు. మరోవైపు 1993లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైన యూఎఫ్‌సీ పోటీలు అన్ని విద్యలవారినీ ఒకే బరిలో దింపగా, తొలి పోటీలో బ్రెజిల్ జుజుత్సు నేర్చిన రాయిస్ గ్రేసీ గెలిచాడు. అతని విద్యలో రోజూ జరిగేది మొండిగా ఎదిరించే జోడీతో నేలమీద పెనుగులాట. అంతమాత్రాన కరాటే ఓడిపోయిందనడానికీ లేదు. షోటోకాన్ శైలి కరాటేలో పెరిగిన ల్యోటో మచిడా 2009లో అదే సంస్థ లైట్ హెవీవెయిట్ విజేత అయ్యాడు, 2011లో ఎగిరి ముందుకు తన్నే తన్నుతో రాండీ కూచర్‌ను పడగొట్టాడు. ఆ తన్ను కటాలలో ఉన్నదే. దానికి పదును పెట్టింది మాత్రం తప్పించుకుని తిరగబడే మనుషులతో చేసిన సాధన.

ఇదే గీటురాయి మీద నల్లగొండ చరిత్రను చూడాలి. ఆంధ్ర మహాసభ గ్రామశాఖలను జనం సంఘం అని పిలిచేవారు. సంఘం మనుషులు చేత గుతప పట్టి తిరిగేవారు కాబట్టి గుతపల సంఘం అన్న పేరు కూడా వచ్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా అడ్డుకున్నది ఈ కర్రలే. 1946 జూలై 4న నాటి జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపుపై దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య ప్రాణాలు కోల్పోయాడు. ఆ కాల్పులకు చెదరిపోవలసిన జనం చెదరక, దేశ్‌ముఖ్ గడిని చుట్టుముట్టారు. ఊరూరా దళాలు ఏర్పడి కర్రసాము, వడిసెల సాధన చేశాయి, ఆడవాళ్లు రోకళ్లూ కారప్పొడీ సిద్ధంగా ఉంచుకున్నారు.

వీటిలో వడిసెల ప్రత్యేకించి గమనించదగినది. తాడు నడుమ అల్లిన చిన్న ఒడిలో రాయి పెట్టి, ఒక కొసను వేలికి తగిలించి, రెండవ కొసను పట్టుకుని తలచుట్టూ తిప్పి, అదను చూసి ఆ కొసను వదిలితే రాయి దూసుకుపోతుంది. ఈ విద్యను ఎవరూ వరుసకట్టి నేర్పలేదు. జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలిన ప్రతి పిల్లవాడికీ అది రోజువారీ పని, తప్పిపోయిన ప్రతి రాయికీ పంట నష్టమే శిక్ష. గొర్ల కాపరి చేతి గుతప కూడా తోడేలుకు ఎదురు నిలిచి దెబ్బ నేర్చినదే. తాలీంఖానాలో ఎన్నడూ అడుగుపెట్టని ఈ చేతులు పోరులో పనికిరావడానికి కారణం, వాటి సాధనలో ఎదుటి ప్రాణి ఎన్నడూ బొమ్మలా నిలబడలేదు.

వాటి హద్దు కూడా అంతే నిష్ఠురంగా తేలింది. గడి గూండాలను తరిమిన కర్ర తుపాకీకి సరిపోలేదు కనుకనే దళాలు భర్మారు తుపాకులనూ, ఆ తరువాత శత్రువు నుంచి లాక్కున్న రైఫిళ్లనూ ఆశ్రయించాయి. బైరాన్‌పల్లి జనం ఊరి బురుజుపై కాపు పెట్టి వడిసెలలతో, నాటు తుపాకులతో నిజాం పక్షాన దాడులు చేసే రజాకార్లను అంతకుముందు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న సైనిక బలగాల అండతో వచ్చిన దాడిని మాత్రం ఆపలేకపోయారు, ఊరు శవాల గుట్ట అయింది. ఏ సాము అయినా ఏ శత్రువు కోసం, ఏ ఆయుధం కోసం పుట్టిందో ఆ మేరకే పనిచేస్తుంది. మాత్సుమురా కాలపు చేతివిద్యను కత్తి పట్టిన దుండగుడి ముందు యథాతథంగా నమ్ముకోవడం, వడిసెలతో ఫిరంగికి ఎదురు పోవడం ఒక్కటే.

ఈ చర్చ పాతదైపోలేదు. సమగ్ర శిక్ష పథకం కింద రాణీ లక్ష్మీబాయి పేరిట ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు. అందులో కరాటేకు పెద్ద చోటే ఉంది. మూడు నెలలలో ఒక కటా కంఠస్థం కావచ్చు, వార్షికోత్సవంలో చప్పట్లూ పడవచ్చు. ఆ అమ్మాయికి అక్కరకు వచ్చేవి మాత్రం వేరు: మణికట్టు పట్టుకున్నవాడు నిజంగా బిగించి పట్టుకున్నప్పుడు విడిపించుకోవడం, గొంతెత్తి అరవడం, సందు దొరికిన క్షణంలో పరుగు తీయడం, జరిగినదాన్ని దాచకుండా చెప్పుకునే ధైర్యం. పతకమో పట్టీయో ఆత్మరక్షణ అని నమ్మించడం పిల్లలను ప్రమాదంలోకి పంపడమే.

కొట్లాటకు దిగకుండా పని చక్కబెట్టుకోవడం కూడా ఈ విద్యలో భాగమే. కరాటేలో మొదటి దెబ్బ తనది కాకూడదన్నది ఫునకోషి సూత్రాలలో ముఖ్యమైనది. సాయుధ పోరాటపు తుపాకుల మోత ఇంకా ఆగని 1951 ఏప్రిల్ 18న, ఇదే పోచంపల్లిలో దళిత కుటుంబాలు భూమి కావాలని అడగగా వినోబా భావే ఆ మాటను ఊరివారి ముందు ఉంచినప్పుడు, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు. ఆ ఒక్క దానంతో తెలంగాణ భూమి సమస్య తీరలేదు, గుతపలు అంతకుముందు చేసిన పని వ్యర్థమూ కాలేదు. జనం గడి గూండాల కర్రకు భయపడని స్థితికి వచ్చాకే అడిగే గొంతుకు విలువ పెరిగిందన్నది చరిత్ర చెప్పే మాట.

కాబట్టి తీర్పు ఇది. సంప్రదాయ కటా పోరు కాదు, పోరుకు శత్రువూ కాదు. అది తరాల అనుభవాన్ని దేహంలో దాచిన పాఠం, దానికి అర్థం చెప్పే గురువూ, మాట వినని జోడీదారూ దొరికితేనే అక్కరకు వస్తుంది, దొరకకపోతే పేరిణిలాగా గౌరవించదగిన కళగా మిగులుతుంది. కరాటే బడి నడిపేవారు వారానికి ఒక పూటైనా పిల్లలను రక్షణ తొడుగులతో, ఎదిరించే జోడీలతో సాధన చేయించాలి. తల్లిదండ్రులు పట్టీ రంగు అడిగే ముందు ఆ పూట ఎప్పుడని అడగాలి. కర్రసాము తెలిసిన పెద్దలు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఎక్కడ మిగిలి ఉన్నా, వారి కదలికలనే కాక వాటి వెనుక ఉన్న ప్రయోగాన్ని కూడా వారి నోటనే చెప్పించి నమోదు చేయడం విశ్వవిద్యాలయాలూ గ్రామ గ్రంథాలయాలూ వెంటనే చేపట్టవలసిన పని.