పురుగుమందు డబ్బాపై అంకె

(ప్రత్తిపాడునందు పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రత్తియు మిరపయు పండించు ఈ నల్లరేగడి సీమలో పురుగుమందు ఎరుగని రైతు కుటుంబము లేదు. ఆ మందు విషము. దానిని విదేశమునుండి తెచ్చుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. అది ఓడరేవులలో, వర్తకుల కచేరీలలో తేలు వ్యవహారము గదా, పంచాయతీకి దానితో ఏమి పని అని మీరు అడుగవచ్చును. ఓడరేవున మొదలైన ఆ తనిఖీ మీ ఊరి అంగడిలో గాని ముగియదని మనవి చేయుటకే మేము వచ్చితిమి.

ఈ కట్టడి ఎందులకు వచ్చెనో మొదట చెప్పెదము. 1958 ఏప్రిల్, మే నెలలలో కేరళ, మద్రాసు రాష్ట్రములలో గోధుమపిండి తిన్నవారు నూరుమందికి పైగా మరణించిరి. విచారింపగా తేలినది ఇది: పారథియాన్ అను పురుగుమందును, పిండి బస్తాలను కలిపి ఓడలో రవాణా చేసిరి. మందు కారి బస్తాలకు అంటెను. ఆ పిండినే జనులు కొని వండుకొనిరి. భారత ప్రభుత్వము బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జె.సి. షా గారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించినది. అటుపిమ్మట 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. అది అమలులోనికి వచ్చినది 1971 ఆగస్టు 1వ తేదీన. అనగా ప్రాణములు పోయిన పదుమూడేండ్లకు గాని చట్టము చేతికి రాలేదు. ఈ జాప్యమును దాచిపెట్టుట మాకు ఇష్టము లేదు.

ఇక పద్ధతి వినుడు. పురుగుమందును దిగుమతి చేయదలచినవారైనను, ఇచ్చట తయారు చేయదలచినవారైనను ముందుగా కేంద్ర రిజిస్ట్రేషన్ సంఘమునకు దరఖాస్తు చేయవలెను. ఆ మందు పురుగును చంపునా, మనుష్యులకు, పశువులకు ఎంత అపాయకరము అను సంగతులను సంఘము పరిశీలించును. తృప్తి కలిగిననే రిజిస్ట్రేషన్ సంఖ్య ఇచ్చును. ఆ సంఖ్య లేని మందును తెచ్చుటయు, అమ్ముటయు నేరము. అమ్మువారికి వేరుగా లైసెన్సు ఉండవలెను. తన పొలమునకు వాడుకొను రైతుకు మాత్రము ఏ లైసెన్సును అక్కరలేదు.

ఒకసారి ఇచ్చిన అనుమతి శాశ్వతము కాదు. ఎండోసల్ఫాన్ అను మందును మన ప్రత్తి చేలలో ఏండ్ల తరబడి కొట్టితిమి. 2011 మే 13న సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకమును, వాడుకను నిలిపివేసినది. 2018లో కేంద్ర ప్రభుత్వము పదునెనిమిది మందులను నిషేధించుచు ఉత్తర్వు చేసినది. నిన్న మంచిదన్న మందు నేడు నిషిద్ధము కావచ్చును. పాత సరుకు మాత్రము అంగడి మూలలో మిగిలియుండవచ్చును.

రైతు కష్టము మేము ఎరుగుదుము. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని ముంచినది. మందుపై మందు కొట్టి అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతపై పడినది. కండ్లెదుట పూత రాలుచుండగా రైతు ఓపిక పట్టలేడు. “విదేశీ సరుకు, ఒక్క పిచికారీతో పోవును” అని ఎవరైన చెప్పిన నమ్మును. చీటీ లేని సీసాయైనను కొనును. అట్టివేళ అతనిని నిందించి ప్రయోజనము లేదు. అతని పక్కన నిలిచి సీసా తిప్పి చూపువారు ఊరిలో ఉండవలెను. వారు మీరే కావలెనని మా ప్రార్థన.

చూడవలసినవి ఇవి. డబ్బాపై రిజిస్ట్రేషన్ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ ఉన్నవా? విష తీవ్రతను తెలుపు రంగు త్రికోణము ఉన్నదా? ఎరుపు అత్యంత విషము, దాని తరువాత పసుపు, పిమ్మట నీలము, అన్నిటికంటె తక్కువది ఆకుపచ్చ. లోపల తెలుగు కరపత్రము ఉన్నదా? అమ్మినవారు బిల్లు ఇచ్చిరా? బిల్లు లేనిచో పైరు పోయిన రైతుకు చేత ఆధారము ఉండదు. సందేహము కలిగిన మండల వ్యవసాయాధికారికి వెంటనే తెలుపుడు. నమూనా తీసి ప్రయోగశాలకు పంపు అధికారము చట్టము క్రిమిసంహారక మందుల ఇన్‌స్పెక్టరుకు ఇచ్చినది.

మరియొక మాట. బియ్యము, పప్పు అమ్ము కొట్టులోనే పురుగుమందు పెట్టిన అంగళ్లు మీ ఊరిలో కలవేమో చూడుడు. ఇంటిలో ధాన్యపు గదిలో మందు డబ్బా ఉన్నదేమో చూడుడు. ఆహారమునకు తగులునట్లు మందును ఉంచరాదని నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది. 1958లో ఓడలో జరిగిన పొరపాటే అటక మీదను జరుగగలదు. ఖాళీ డబ్బాలలో నీరు, నూనె పట్టరాదు. వాటిని పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలెను. ఎవరికైన విషము సోకిన ఆసుపత్రికి ఆ డబ్బాను, కరపత్రమును తప్పక తీసికొనిపోవలెను. విష లక్షణములు, విరుగుడు అందులో అచ్చువేసి ఉండును. వైద్యునికి అది గంటల కాలము కలిసివచ్చు సహాయము.

ఢిల్లీలో చట్టము చేయుదురు, ఓడరేవున సరుకు ఆపుదురు. ప్రతి ఊరి ప్రతి కొట్టునకు అధికారి దినదినము రాలేడు. కావున వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఇద్దరు సభ్యులను నియమించి, మందులు కొట్టు కాలము మొదలు కాకముందే ఊరి అంగళ్లను ఒకసారి చూచి రమ్మనుడు. చదువు రాని రైతుకు డబ్బా చదివి చెప్పుట పెద్ద ఖర్చు లేని పని. దానివలన ఒక ఇల్లు నిలిచినను మీ శ్రమ ఫలించినట్లే.